మర్రి ఒకటి, నేరేళ్లు ఎన్నో: విశాఖ ఊరిపేర్ల వెంట నాలుగు రోజులు

విశాఖలో సిటీ బస్సెక్కి కండక్టరు కేకలు వింటే సగం చెట్లే వినిపిస్తాయి. తాటిచెట్లపాలెం, మర్రిపాలెం, వేపగుంట, మద్దిలపాలెం, కొబ్బరితోట. దిగి చూస్తే చెట్టుండదు, ఫ్లైఓవరో అపార్టుమెంటో ఉంటుంది. చెట్టు పోయినా పేరు ఉంది కదా అని సరిపెట్టుకునేవాళ్లకు ఈ యాత్ర అక్కర్లేదు. ఆ పేరు నిజంగా చెట్టుదేనా, చెట్టు వేషం వేసుకున్న ఇంటిపేరా, అరిగిపోయిన బౌద్ధ పదమా అని తేల్చుకోవాలనుకుంటే నాలుగు రోజులు కావాలి. మొదటి రోజు పాతపట్నం, రెండో రోజు సింహాచలం దారి, మూడో రోజు భీమిలి, నాలుగో రోజు అనకాపల్లి.

ఎప్పుడు వెళ్లాలన్నది ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే అన్నీ ఒకేసారి కనబడవు. నేరేడు పళ్లు తొలకరికి వస్తాయి. సంపెంగ ఎండాకాలం నుంచి వానల దాకా జోరుగా పూస్తుంది. గోగు పూత మాత్రం వానలు వెనకబడి పగళ్లు కురచయ్యాకే. ఎండ లేకుండా నడవాలనుకుంటే కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మంచి కాలం. అప్పుడు గోగు, తేగలు దొరుకుతాయి, సంపెంగలు పలచగా ఉంటాయి.

వెంట ఉండాల్సినవి తక్కువే. నోటుబుక్కు, నీళ్ల సీసా, పెన్సిలు, తెలుగు అక్షరాల్లో రాసుకున్న ఊళ్ల జాబితా. ఆఖరిది మరిచిపోతే పని చెడుతుంది. ఫోను మ్యాపులోనూ రైల్వే బోర్డు మీదా ఉన్న ఇంగ్లిషు రాత ల, ళ తేడాను మింగేస్తుంది. డ, ద తేడానూ అంతే. తాళ్లపాలెం ఇంగ్లిషులోకి వెళ్లి తిరిగొచ్చేసరికి తల్లపాలెమో తల్లిపాలెమో అయి కూర్చుంటుంది. ఇక దాని మీద ఎంత పరిశోధన చేసినా గాలికి పోయినట్టే.

మొదటి రోజు: పాతపట్నం, అల్లిపురం, వాల్తేరు

పొద్దున్నే పాతపట్నంలో మొదలుపెట్టాలి. ఎనిమిది దాటితే మార్కెట్ల చుట్టూ నడవనివ్వరు. కనకమహాలక్ష్మి గుడి ఉన్న బురుజుపేట, దాని దగ్గరే కోటవీధి, సోల్జర్‌పేట. ఈ మూడు పేర్లూ కలిపి చదివితే ఇక్కడ ఒక కోట ఉండేదని, దానికి బురుజులుండేవని, కాపలా సైన్యం పక్కనే కాపురముండేదని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తక స్థావరం పెట్టింది 1682లో. రాళ్లు పోయాయి, పేర్లు ఉన్నాయి. మొక్కల పేర్లకన్నా ఇలాంటి పేర్లే తేలిక. బురుజుకు వేరే అర్థం లేదు.

అసలు ఊరి పేరు సంగతి ఇక్కడే తేల్చేయాలి. పట్టణం అన్న మాట ఈ తీరంలో ముఖ్యంగా రేవుకు వాడుక. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, మచిలీపట్నం అన్నీ ఓడలు ఆగిన చోట్లే. (గోపాలపట్నం మాత్రం ఒడ్డుకు దూరంగా ఉండి లెక్క తప్పిస్తుంది. ఏ సూత్రానికైనా ఇలాంటిదొకటి ఉంటుంది.) విశాఖుడంటే కుమారస్వామి. కాశీకి పోతూ ఇక్కడ బస చేసిన ఒక ఆంధ్ర రాజు వైశాఖేశ్వరుడి గుడి కట్టించాడని, దాన్ని సముద్రం మింగేసిందని ఊరి కథ. కథను కథగానే రాసుకోవాలి. శాసనాల దగ్గరికొస్తే, చోళుల కాలంలో ఈ ఊరికి కులోత్తుంగచోళపట్టణమని రెండో పేరు ఉండేది. రాజు పోయాక ఆ పేరూ పోయింది. పన్ను కట్టేటప్పుడు పలికే పేరు వేరు, చేపలమ్మేటప్పుడు పలికే పేరు వేరు. నిలబడేది రెండోదే.

మొక్కల మీద మోజున్నవాళ్లు పడే మొదటి గోతి కూడా ఇక్కడే ఉంది. శాఖ అంటే కొమ్మ, కాబట్టి విశాఖ అంటే కొమ్మలు విరబూసిన చెట్టు, కాబట్టి ఊరి పేరు చెట్టుదే అని లాగుతారు. సంస్కృతంలో విశాఖకు కొమ్మలుగా చీలినదన్న అర్థం ఉన్నమాట నిజమే. అయితే అది నక్షత్రానికి, దేవుడికి పేరైన తర్వాతే ఊరి దాకా వచ్చింది. మధ్యలో దేవుడిని దాటేసి చెట్టు దగ్గరికి పోవడం కుదరదు.

మధ్యాహ్నం అల్లిపురం, కొబ్బరితోట. కొబ్బరితోటలో వాదన లేదు. ఇసుక నేల, ఉప్పుగాలి, కొబ్బరికి అంతకన్నా ఏం కావాలి? ఇప్పుడు ఇళ్లే. ఇళ్ల మధ్య ఒకటి రెండు కొబ్బరిచెట్లు కనబడితే వాటిని సాక్ష్యంగా రాసుకోకండి. అవి ఎవరో పెరట్లో వేసుకున్నవి.

అల్లిపురం కాస్త చిక్కు. అల్లి అని మన తీరపు కొండల తుప్పల్లో పెరిగే చిన్న చెట్టుంది. ఆకులు దళసరిగా, ఎదురెదురుగా ఉంటాయి. నీలం పూలు గుత్తులుగా కొమ్మకే అంటుకుని పూస్తాయి. నల్లగా పండాక పిల్లలు తినే అల్లిపళ్లు దానివే. ఆకుల్ని చాపల అద్దకంలో రంగు నిలవడానికి వాడతారు. ఊరి పేరు ఈ చెట్టుదేనా అంటే, అలీ అన్న మనిషి పేరు అడ్డొస్తుంది. ఈ తీరాన్ని గోల్కొండ సుల్తానుల మనుషులు చాలాకాలం ఏలారు. అలీపురం అల్లిపురమైందనడానికి పలుకుబడిలో అడ్డేమీ లేదు. ఇలాంటి చోట పాత దస్తావేజులో ‘ల్ల’ ఉందా ‘లీ’ ఉందా అన్నదే తీర్పు. అది చూడకుండా చెట్టు బొమ్మ వేసి పోస్టు పెట్టేవాళ్లే ఎక్కువ.

సాయంత్రం జగదాంబ జంక్షన్ మీదుగా పెదవాల్తేరు. జగదాంబ అమ్మవారి గుడి కోసం వెతికి అలసిపోయే యాత్రికులు ఏటా ఉంటారు. అది సినిమా హాలు పేరు. వాల్తేరు కథ ఇంకా రుచిగా ఉంటుంది. తెల్లవాళ్లు దాన్ని వాల్టెయిర్ అని పలికి, స్టేషనుకూ రైల్వే డివిజనుకూ ఆ పేరే పెట్టారు. స్టేషను పేరు 1987లో విశాఖపట్నమైంది. డివిజను పేరును 2025లో, అది వలస పాలన మిగిల్చిన పేరంటూ కేంద్రం మార్చింది. వలస పాలనది ఆ స్పెల్లింగు మాత్రమే. పెదవాల్తేరు, చినవాల్తేరు తెలుగు పల్లెలు, వాటి పేర్లు తెలుగు పేర్లు. ఇంగ్లిషు రాతలో చూసి తీర్పు చెబితే ఎంత దూరం పోతుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

రెండో రోజు: తాటిచెట్లపాలెం నుంచి సింహాచలం

ఈ రోజు వ్యాకరణం రోజు. బస్సులో కూర్చుని చేసేయొచ్చు.

చెట్టు పేరుతో ఉన్న ఊరిని చూడగానే అడగాల్సిన మొదటి ప్రశ్న, అది ఏకవచనమా బహువచనమా అని. తాటిచెట్లపాలెంలో చెట్లు ఎన్నో. మర్రిపాలెంలో మర్రి ఒకటే. వేపగుంటలో వేప ఒకటి, దాని పక్కన గుంట. భీమిలి వైపు దాకమర్రి ఉంది, అక్కడా మర్రి ఒకటే. అటు చూస్తే నేరేళ్లవలస, వేములవలస, చింతలగ్రహారం, అన్నీ బహువచనాలు. మర్రి ఒంటరిగా నిలబడే చెట్టు. మర్రి ఒక్కటే ఎకరం నేలను కమ్ముతుంది. దారిన పోయేవాళ్లకు ఆనవాలు అదే, రచ్చబండ అదే, సంత అదే. తాడి, నేరేడు, చింత తోపులుగా పెరుగుతాయి, తోపులుగా పన్ను కడతాయి. ఇది సూచన మాత్రమే, రుజువు కాదు. సమాసంలో చెట్టు పేరు ఏకవచనంలో ఉండటం మామూలే కాబట్టి మర్రిపాలెంలో పది మర్రులున్నా పేరు మారదు. బహువచనం ఉన్నచోట మాత్రం తోపు ఉందని ధైర్యంగా రాసుకోవచ్చు.

ఇక్కడొక చిన్న పాఠం. వేపకు పాత తెలుగులో వేము అని పేరు. వేములు, వేముల అవుతుంది. అందుకే వేములవలసలో వేప కనబడదు గానీ ఉంది. నేరేడు బహువచనంలో నేరేళ్లు. తాడి బహువచనంలో తాళ్లు. అనకాపల్లి అవతల తాళ్లపాలెం అన్న ఊరిని మోకులు పేనేవాళ్ల ఊరనుకోవడం దీనివల్లే. తాడు కూడా తాళ్లే అవుతుంది మరి. తాటిచెట్లపాలెం ఆ అనుమానం రాకుండా చెట్టు అన్న మాటను కలుపుకుంది, తెలివైన ఊరు.

మద్దిలపాలెం రేపటి దారిలో వస్తుంది, లెక్క మాత్రం ఈ రోజుదే. మద్ది చెట్టు బహువచనం మద్దులు. చెట్ల వల్ల వచ్చి ఉంటే మద్దులపాలెం కావాలి. మద్దిల అన్నది మన జిల్లాల్లో బాగా వినబడే ఇంటిపేరు. పాలెం అన్న తోక కూడా మనిషి పేరు పక్కన హాయిగా ఇముడుతుంది. కాబట్టి మా ఓటు ఇంటిపేరుకే. ఆ ఇంటిపేరు ఏ కాలంలోనో మద్దిచెట్టు కింద పుట్టి ఉంటే చెట్టు దొడ్డిదారిన మళ్లీ లోపలికొస్తుంది, అది వేరే సంగతి. మద్దిని గుర్తుపట్టడం కూడా నేర్చుకోవాలి. నల్లమద్ది బెరడు మొసలి వీపులా గళ్లుగళ్లుగా పగిలి ఉంటుంది. తెల్లమద్ది బెరడు నున్నగా, బూడిద తెలుపుగా, పొరలుగా ఊడుతుంది. వాగుల ఒడ్డున పెరిగేది తెల్లమద్ది. రెండింటికీ కాయ మీద అయిదు రెక్కలుంటాయి. తెల్లమద్దికి అవి కాస్త కురచ.

ఊరి పేరు తోకలు కూడా ఈ రోజే బట్టీ పట్టేయాలి. మాధవధార, సీతమ్మధార అన్నచోట ధార అంటే కొండ ఊట. ఇక్కడి కొండలు ఖోండలైట్ రాయి. ఒడిశా, ఉత్తరాంధ్ర కొండల్లోని ఖోండు జనం పేరే ఆ రాయికి పెట్టారు, ఊరిపేర్ల యాత్రలో రాయి పేరు కూడా కలిసొచ్చింది. ఈ రాయి పైపొరలు మెత్తబడి వాననీటిని పీల్చుకుని ఎండల దాకా వదులుతాయి. ధారలు అందుకే. ముడసర్లోవ, ఆరిలోవ, మామిడిలోవ అన్నచోట లోవ అంటే రెండు కొండల నడిమి లోయ. గాజువాక, హనుమంతవాకల్లో వాక అంటే వాగు. కృష్ణా జిల్లావాళ్లు వాగు అనే చోట మనం గెడ్డ అంటాం, మేఘాద్రిగెడ్డలా. వలస అంటే వేరేచోట నుంచి వచ్చి సాగులోకి తెచ్చుకున్న ఊరు. అగ్రహారం దానమిచ్చిన ఊరు. తోక నేలను చెబుతుంది, తల చెట్టునో మనిషినో చెబుతుంది. తోకకు తగ్గ నేల కళ్లముందు లేకపోతే తలను నమ్మకూడదు.

వేపగుంటలో దిగి చెరువు కోసం అడిగేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. “ఈ ఊరికి వేపచెట్టు వల్లే పేరొచ్చిందాండీ?” అని అడిగితే అందరూ అవుననే అంటారు. మర్యాద అలాంటిది. “తాతా, ఈ గుంటనేటంటారు? ఆ మెట్టకేటి పేరు?” అని అడగాలి. అప్పుడు ముసలాళ్లు సర్వే నంబరుకు కూడా లేని పేర్లు చెబుతారు. గుడి ముందున్న వేపచెట్టును చూపించి అదే ఆ చెట్టు అంటే మాత్రం తలూపి ఊరుకోండి. అమ్మవారి గుడి ఉన్నచోట వేప నాటడం ఊరూరా ఉన్నదే. ఆ వేప పేరుకు తల్లి కాదు, పేరు చూసి నాటిన బిడ్డ కూడా కావచ్చు.

సింహాచలం కొండకింది ఊరు అడవివరం. ఈ పేరుకు వ్యాఖ్యానం అక్కర్లేదు, తల ఎత్తితే అడవి కనబడుతుంది. మెట్లదారి సుమారు వెయ్యి మెట్లు. పొద్దున ఆరింటికి మొదలుపెడితే పనస, జీడిమామిడి, అనాస చూసుకుంటూ గంటలో పైకి చేరొచ్చు. ఎండెక్కాక ఎక్కితే రాతి మెట్లు కాళ్లు కాలుస్తాయి, చెప్పులు కింద వదిలేసినవాళ్లు బాధపడతారు. బస్సు కొండమీదికి ఎలాగూ ఉంది.

ఇక సంపెంగ. సింహాచలం సంపెంగ అంటే ఉత్తరాంధ్రలో వేరే చెప్పక్కర్లేదు. ఊరు పువ్వుకు పేరిచ్చిన సందర్భమిది, పువ్వు ఊరికిచ్చింది కాదు. అసలైన సంపెంగ పెద్ద చెట్టు, పువ్వు పసుపు నుంచి నారింజ దాకా ఉంటుంది, రేకులు సన్నగా పొడుగ్గా ఉంటాయి. తెల్లవారుజామున విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికి రేకు అంచు గోధుమరంగుకు తిరుగుతుంది. అందుకే పదింటి తర్వాత కొన్నది ఇంటికి చేరేసరికి వాడిపోతుంది. మల్లెల్లా మాల కట్టరు, రెండు మూడు పూలు తొడిమలతో ఆకులో చుట్టిస్తారు. తడిగుడ్డలో చుట్టుకుంటే సాయంత్రం దాకా వాసన నిలుస్తుంది. ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కడితే ఉడికి నల్లబడుతుంది. సంపంగి అంటూ పూలకొట్లో అమ్మే తెల్లటి పొడుగు కాడ లిల్లీ అని కూడా పిలిచే గడ్డమొక్క, దీనికి చుట్టమే కాదు. ఆకుపచ్చగా ఉండి పండిన పండులా వాసనొచ్చే మనోరంజితాన్ని ఆకుసంపెంగ అంటారు, అది తీగ. పేరు ఒకటే అయినంత మాత్రాన మొక్క ఒకటి కాదని ఇంతకన్నా తేలిగ్గా ఎక్కడా నేర్చుకోలేం.

స్వామి ఏడాది పొడుగునా చందనంలోనే ఉంటాడు, నిజరూపం అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే. ఆ రోజు ఊరిపేర్ల యాత్ర పెట్టుకోవద్దు, క్యూ తప్ప ఏమీ చూడలేరు. మామూలు రోజుల్లో గుడి రాళ్ల మీది శాసనాలు చూడొచ్చు. కులోత్తుంగచోళుడి కాలం నుంచి గజపతుల దాకా తెలుగు, సంస్కృతం, ఒడియా ఉన్నాయి. శ్రీకృష్ణదేవరాయలు 1516లో వచ్చాడు. శాసనాల్లో రాజుల బిరుదులు వదిలేసి దానమిచ్చిన పల్లెల పేర్లు చూడాలి, మనకు కావాల్సింది అవే. కెమెరా లోపలికి రానివ్వరు కనుక నోటుబుక్కు.

అన్నట్టు, ఈ కొండ పేరు మనుషులకూ అంటుకుంది. సింహాచలం అన్న పేరుతో ఆడవాళ్లూ మగవాళ్లూ ఉన్న జిల్లాలు మనవే. స్వామిని జనం అప్పన్న అంటారు, అందుకే అప్పన్న, అప్పలరాజు, అప్పలనర్సమ్మ లేని ఇల్లు అరుదు.

మూడో రోజు: భీమిలి దారి

రైల్వే స్టేషను నుంచి భీమిలికి 900కె బస్సు, బీచ్ రోడ్డు మీదుగా. కుడివైపు కిటికీ సముద్రానికి, ఎడమవైపు కిటికీ కొండలకు. మనకు కావాల్సింది ఎడమవైపు. తిరిగొచ్చేటప్పుడు తగరపువలస నుంచి 222 పట్టుకోవాలి, అది హైవే మీద మధురవాడ, మద్దిలపాలెం మీదుగా తెస్తుంది.

తొట్లకొండ దగ్గర దిగితే పైకి నడక. 128 మీటర్ల ఎత్తు, నీడ తక్కువ, నీళ్లు వెంట ఉండాలి. నౌకాదళం 1976లో పైనుంచి సర్వే చేస్తున్నప్పుడు బయటపడిన బౌద్ధారామం ఇది. తవ్వకాలు 1988 నుంచి 1992 దాకా జరిగాయి. రాతిలో తొలిచిన నీటి తొట్లు కళ్లముందే ఉన్నాయి, పేరు వాటిది. దగ్గర్లోని బావికొండకు బావులే పేరిచ్చాయి. భీమిలి దగ్గర పావురాలకొండ ఉంది. మూడూ బౌద్ధ క్షేత్రాలే. అయినా మూడు పేర్లలో బుద్ధుడి జాడ లేదు. గొడ్లు కాసేవాళ్లకు కొండ మీద అక్కరకొచ్చింది నీళ్లు, కనబడింది పావురాలు. మతం మరుగున పడ్డాక కూడా తొట్టిలో నీళ్లు నిలుస్తూనే ఉన్నాయి కదా.

కాపులుప్పాడ, చేపలుప్పాడ అన్న రెండు ఊళ్లను పక్కపక్కన పెట్టి చదవాలి. ఉప్పాడ రెండింట్లోనూ ఉంది, ఉప్పు తీసిన తీరమని చెప్పుకుంటుంది. సేద్యం చేసే కాపులది ఒకటి, చేపలు పట్టేవాళ్లది ఒకటి. ఒకే పేరు రెండయితే జనం వాటిని ఎలా విడదీస్తారో చూపించడానికి ఇంతకన్నా మంచి జోడీ ఈ తీరంలో లేదు. యారాడ, ఎండాడ, చిప్పాడ, ములగాడల్లో చివర వచ్చే ‘ఆడ’ మాత్రం వాడ అరిగి మిగిలినదే అనిపిస్తుంది. ములగ అంటే మునగ చెట్టు, మన వైపు ములక్కాడే గానీ మునక్కాడ అనరు. అనకాపల్లి దగ్గర మునగపాక మాత్రం న కారంతో నిలబడింది.

నేరేళ్లవలస దాటాక భీమిలి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. డచ్చివాళ్ల సమాధులు, గంటస్తంభం గంటలో చూడొచ్చు. ఊరి పేరు భీముడిదని జనం చెప్పే మాట. ఇక్కడ ఆగాల్సింది గోగు కోసం.

మొక్క ఊరికి పేరివ్వడం చూస్తూ వచ్చాం. ఊరు మొక్కకు పేరిచ్చి దేశాలు తిప్పిన సంగతి భీమిలిది. భీమునిపట్నాన్ని తెల్లవాళ్లు బిమ్లిపటామ్ అన్నారు. ఈ రేవు నుంచి ఓడలెక్కిన గోగునారకు బిమ్లి జూట్ అని వ్యాపారనామం పడింది. మొక్కల శాస్త్రంలో హిబిస్కస్ కన్నాబినస్. మనవాళ్లకు అది గోగు. గోగు, కూర కలిస్తే గోంగూర. అంటే పచ్చడి పేరు లోపల నార మొక్క ఉంది.

పొలంలో గోగునూ ఎర్ర గోంగూరనూ విడదీసి చూడాలి. గోగు కాడ మీద సన్న ముళ్లుంటాయి, చేత్తో దూస్తే గీసుకుంటుంది. కింది ఆకులు గుండ్రంగా, పైవి వేళ్లలా చీలి ఉంటాయి. పువ్వు లేత పసుపు, నడుమ ముదురు ఎరుపు. ఎర్ర గోంగూర వేరే జాతి. దాని కాడ ఎర్రగా ఉంటుంది, పువ్వు రాలాక కాయ చుట్టూ ఉన్న తొడుగు కండపట్టి పుల్లగా ఉంటుంది. ఆ జాతినీ నారకు వేస్తారు కాబట్టి సంతలో రెండూ గోగునారే. రైతును నార అడిగితే తేడా చెప్పడు, విత్తనం అడిగితే చెబుతాడు.

నార తీయడం ఇలా. తొలకరికి చల్లిన పైరు పూత సగానికి వచ్చేసరికి కోస్తారు, సుమారు నాలుగు నెలలకు. ముందు కోస్తే నార మెత్తగా ఉన్నా బరువు తూగదు. కాయ ముదిరాక కోస్తే నార బిరుసెక్కుతుంది. కట్టలు కట్టి ఆకు రాలేదాకా పొలంలో ఉంచి, మొదలు దళసరి కాబట్టి ఒకటి రెండు రోజులు మొదళ్లను మోకాలిలోతు నీటిలో నిలబెడతారు. ఆ తర్వాత పడుకోబెట్టి నీటిలో మునిగేలా బరువు పెడతారు. బరువుకు రాళ్లు మంచివి. మట్టిగడ్డలు, అరటిబోదెలు పెడితే నార నల్లబడుతుంది, రేటు తెగుతుంది. పదిహేను రోజులకు అటూ ఇటూగా ఊరుతుంది, చలి ముదిరితే ఇంకా ఆలస్యం. పదో రోజు నుంచి ఒక కాడ తీసి బొటనవేలితో ఒత్తి చూడాలి. బెరడు పుల్ల నుంచి జారిపోతే అయినట్టు. ఒక్క రెండు రోజులు అశ్రద్ధ చేస్తే నార కుళ్లి తెగుతుంది. తొందరపడి తీస్తే మొదలు దగ్గర బెరడు అట్టలుగా అంటుకునే ఉంటుంది. పారే నీళ్లలో ఉతికి దండేల మీద ఆరేస్తారు. ఊరబెట్టిన చెరువు వాసన అరమైలు దూరం నుంచే తెలుస్తుంది, కొత్తవాళ్లు చచ్చిన గొడ్డేదో ఉందనుకుంటారు. చిట్టివలస జూట్ మిల్లు ఈ నేల మీద ఎందుకు వెలిసిందో ఆ వాసన దగ్గర నిలబడితే అర్థమవుతుంది.

చిట్టివలస పక్కనే గోస్తని ఒడ్డున తగరపువలస. ఇక్కడ వ్యాకరణం చేతులెత్తేస్తుంది. తగరం అంటే కళాయి పూసే లోహం, తగరం అంటే పూలమొక్క కూడా, నందివర్ధనం జాతిని గ్రంథితగరం అంటారు. ఏది తీసుకున్నా సమాసంలో తగరపు అనే అవుతుంది. ఏకవచనం, బహువచనం ఏదీ సాయపడదు. రేవుకు దగ్గర్లో, నది దాటే చోట ఉన్న సంత ఊరు కాబట్టి లోహం వైపు మొగ్గు చూపొచ్చు, అంతకుమించి గట్టిగా పట్టుబట్టకూడదు.

నాలుగో రోజు: అనకాపల్లి, శంకరం

500 నంబరు బస్సు గాజువాక, కూర్మన్నపాలెం మీదుగా అనకాపల్లి పోతుంది. గంటన్నర పైనే పట్టొచ్చు, గాజువాక దగ్గర ట్రాఫిక్ దేవుడి దయ. కిటికీలోంచి వడ్లపూడి బోర్డు కనబడుతుంది. వడ్లు అంటే ధాన్యం, వడ్లవాడు అంటే వడ్రంగి, రెండూ వడ్ల అనే అవుతాయి. తగరపువలసకు తమ్ముడు. అనకాపల్లి దాటితే తాళ్లపాలెం, పక్కకు తిరిగితే తుమ్మపాల. తుమ్మకు చవిటినేల, గట్లు ఇష్టం. ఊరి చుట్టూ గట్ల మీద తుమ్మ ఇప్పటికీ కనబడుతుంది కాబట్టి ఆ పేరుతో పేచీ లేదు. ఇప్పుడు ఎక్కువగా ఉన్నది సర్కారు తుమ్మ, అది తర్వాత బయటి నుంచి తెచ్చింది. దాని కాయ పొడుగ్గా, పసుపుగా, నొక్కులు లేకుండా ఉంటుంది. నల్లతుమ్మ కాయ పూసల దండలా గింజ గింజకూ నొక్కుకుని ఉంటుంది. పేరు రెండోదానిది.

అనకాపల్లి నుంచి శంకరం ఆటోలో నాలుగు కిలోమీటర్లు లోపే. తిరుగు ఆటో మాట్లాడుకుని ఎక్కడం మేలు, మధ్యాహ్నం పూట దొరకవు. ఊరి పేరు విని శివుడి కోసం చూస్తారు. బౌద్ధ భిక్షువులుండే సంఘారామం అన్న మాట నాలుకల మీద నలిగి శంకరమైంది. కొండ పేరు బొజ్జన్నకొండ. బుద్ధన్నకొండ బొజ్జన్నకొండ అయింది. బుద్ధుడెవరో మరిచిపోయిన జనానికి బొజ్జ మాత్రం తెలిసిన మాట, కూర్చున్న విగ్రహం కళ్లముందుంది, పేరు కుదిరిపోయింది. పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రే 1907 ప్రాంతంలో ఇక్కడ తవ్వించాడు, సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా దొరికింది. కొండను తొలిచిన గుహల్లో పెద్దదానికి పదహారు స్తంభాలు, నడుమ రాతి స్తూపం. మెట్లు నిటారుగా ఉంటాయి, వాన పడితే పాచి జారుతుంది. కనుమ నాడు జనం తీర్థానికి వస్తారు, ఆ రోజు రాతల పని పెట్టుకోవద్దు.

పడమటి గుట్ట లింగాలకొండ. కొండరాతినే చెక్కిన చిన్నా పెద్దా మొక్కుబడి స్తూపాలు వరసలుగా ఉన్నాయి. పైభాగం గుండ్రంగా ఉన్న రాయి కనబడితే తెలుగువాడి కంటికి అది లింగమే. రెండు కొండల నడుమ నిలబడి పేర్లు రాసుకునేటప్పుడు మూడు గళ్లు గీసుకోవాలి. జనం పలికేది ఒకటి, పాత రూపం ఒకటి, రాయి చూపించేది ఒకటి. సాయంత్రం అయిదు లోపు కిందికి దిగాలి. అప్పటికి అనకాపల్లి బెల్లం కొట్లు ఇంకా తెరిచే ఉంటాయి, 500 బస్సు కూడా దొరుకుతుంది.